డ్రైవర్ సీటులో కాళ్ళు లాగుతున్నాయా? కొత్త కుషన్ కొనే ముందు ఇవి చేసి చూడండి

హైదరాబాదు నుంచి విజయవాడకు 270 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రెండేళ్ళ పాటు నెలకు రెండుసార్లు ఆ దారిలో నేనే కారు నడుపుకుంటూ వెళ్ళాను. పంతంగి టోల్‌గేటు వరకూ ఏమీ తెలిసేది కాదు. నకిరేకల్ దగ్గర కుడి పిరుదు అడుగున బరువుగా మొదలయ్యేది. సూర్యాపేటలో టీకి ఆగి దిగితే కాలు తిమ్మిరెక్కి నాలుగడుగులు కుంటుకుంటూ వేయాల్సి వచ్చేది. చిల్లకల్లు దాటాక పిరుదు నుంచి పిక్క దాకా ఒకటే లాగుడు. ఇంటికి చేరాక అమ్మ వేడినీళ్ళు పెట్టి ఇస్తే తప్ప నిద్ర పట్టేది కాదు.

వయసు మీద పడుతోందనుకున్నాను. మెత్తటి కుషన్ కొన్నాను. తర్వాత జెల్ కుషన్, ఆపైన చెక్కపూసల మ్యాట్. ఒక్కోటీ రెండు ప్రయాణాల వరకు హాయిగా అనిపించి మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే ఒక పెద్దాయన నన్ను నా కారులోనే కూర్చోబెట్టి, మోకాలి వెనక నుంచి తొడ కిందికి చెయ్యి పోనిచ్చి చూశాడు. అరచెయ్యి ఎక్కడా తగలకుండా తొడ సగం దాకా వెళ్ళిపోయింది. "మెత్తదనం తక్కువై కాదండీ నొప్పి. మీ తొడ గాల్లో ఉంది. ఒంటి బరువంతా రెండు ఎముకల మీద మోస్తున్నారు," అన్నాడు.

ఆ ఒక్క మాటతో సీటును చూసే పద్ధతే మారిపోయింది నాకు. మనం కూర్చున్నప్పుడు పిరుదుల అడుగున చేతికి తగిలే రెండు గట్టి ఎముకలు ఎక్కువ బరువు మోస్తాయి. మిగతాది తొడలు పంచుకోవాలి. కారు సీటు ముందు వైపు కాస్త ఎత్తుగా, వెనక్కి వాలుగా ఉండేది అందుకే. ఆ వాలు చాలకపోతే తొడ గాల్లో తేలుతుంది, పిరుదు మీద భారం పెరిగి నొప్పి కిందికి దిగుతుంది. వాలు మరీ ఎక్కువైతే సీటు ముందంచు తొడ అడుగున నొక్కి, నరాన్నీ రక్తనాళాలనూ ఒత్తి, కాలు తిమ్మిరెక్కుతుంది. రెండూ కాలి నొప్పులే, కానీ ఒకదానికి చేసే మందు రెండోదానికి విషం. అందుకే నొప్పి ఎక్కడుందో తెలుసుకోకుండా కుషన్ కొంటే డబ్బు పోతుంది, నొప్పి ఉండిపోతుంది.

ముందు, నొప్పి ఎక్కడ పుడుతోందో పట్టుకోండి

ఒక ప్రయాణం దీనికోసమే కేటాయించండి. ఏదీ మార్చకుండా, రోజూ కూర్చున్నట్టే కూర్చుని నడపండి. బండి ఆపిన ప్రతిచోటా ఫోన్‌లో మూడు సంగతులు రాసుకోండి: నొప్పి ఏ కాలిలో, కాలిలో ఏ భాగంలో, ఎన్ని కిలోమీటర్లకు మొదలైంది. దిగి నడిచాక ఎంతసేపటికి తగ్గిందో కూడా రాయండి. ఈ చివరి సంగతి చాలామంది వదిలేస్తారు. నిజానికి దాన్నిబట్టే అది సీటు తెచ్చిన నొప్పా, ఒంట్లో ముందే ఉన్నదా అన్నది సగం తెలుస్తుంది. సీటు తెచ్చింది అయితే పది పదిహేను నిమిషాల నడకకు తేలికపడుతుంది.

మోకాలి వెనక, తొడ అడుగున తిమ్మిరి మొదలైతే ముందంచు ఒత్తుతున్నట్టు. సీటు మీకు మరీ ఎత్తుగా ఉండవచ్చు, లేదా మీ తొడ పొడవు కంటే సీటు పొడవు ఎక్కువ కావచ్చు. పొట్టిగా ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు ఎక్కువగా వచ్చేది ఇదే.

పిరుదు ఎముక దగ్గర నొప్పిగా మొదలై తొడ వెనక భాగానికి పాకితే నాకు వచ్చిన రకం. సీటు బాగా కిందికి ఉండి మోకాళ్ళు పైకి లేచి ఉంటాయి, లేదా లోపలి ఫోమ్ కూలిపోయి ఉంటుంది.

కుడికాలి పిక్క ముందు వైపు, ఎముక పక్క కండరం లాగితే అది పాదం గొడవ. యాక్సిలరేటర్ మీద పాదాన్ని గాల్లో పట్టుకుని నడుపుతున్నారన్నమాట. మోకాలి బయటి వైపో, తుంటి పక్కనో నొప్పి అయితే కాలు పక్కకు పడిపోకుండా కండరాలు గంటల తరబడి బిగబట్టి ఉన్నాయి. ఎడమ మోకాలు, ఎడమ తొడ పైభాగం నొప్పి పుడితే క్లచ్ వైపు చూడాలి. అమీర్‌పేట, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో రోజూ నడిపేవాళ్ళకు ఇది బాగా తెలిసిన నొప్పే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా అయి, నొక్కితే నొప్పి పుడితే దాన్ని సీటు మీదికి నెట్టకండి. గంటల తరబడి కదలకుండా కూర్చున్నప్పుడు కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ప్రయాణం 4 గంటలు మించితే ఆ ముప్పు పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. అదే రోజు డాక్టరుకు చూపించండి. దానికి తోడు ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే నేరుగా అత్యవసర విభాగానికే వెళ్ళాలి. పాదం పైకి లేపలేకపోవడం, దిగి నడిచినా తిమ్మిరి పోకపోవడం, దగ్గితే తుమ్మితే నొప్పి కాల్లోకి దూసుకుపోవడం కూడా డాక్టరు చూడాల్సినవే. మల మూత్రాల మీద అదుపు తప్పినట్టు, తొడల మధ్య స్పర్శ పోయినట్టు ఉంటే ఒక్క గంట కూడా ఆగవద్దు. షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు కాబట్టి వాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. పెడల్ తెలియని పాదంతో బండి నడపకూడదు.

సీటు మీద అదనంగా ఉన్నవన్నీ తీసేయండి

మొదట వెనక జేబులో పర్సు. ఒక పిరుదు కింద రెండు సెంటీమీటర్ల ఎత్తు పెట్టుకుని మూడు గంటలు కూర్చుంటే నడుము పక్కకు ఒరుగుతుంది, పిరుదు కండరం కింద నుంచి కాల్లోకి దిగే పెద్ద నరం నలుగుతుంది. ఒక కాలే లాగుతున్న మగవాళ్ళు మిగతా ఏ పనీ చేయకముందు వారం రోజులు పర్సు డోర్ అరలో పెట్టి చూడండి. ఫోన్, తాళాల గుత్తి సంగతీ అంతే.

తర్వాత కుషన్లు, పూసల మ్యాట్లు, తువ్వాళ్ళు అన్నీ తీసేయండి. సీటు కవర్ బయట వేయించినదైతే, వీలుంటే అదీ తీసి ఒక ప్రయాణం చేయండి. కొత్త కారుకు ముచ్చటపడి వేయించే మందపాటి రెగ్జిన్ కవర్లను బిగించి లాగి కడతారు. దాంతో సీటు మధ్యలో ఉండాల్సిన పల్లం బల్లలా అయిపోతుంది, ముందంచు తాడులా గట్టిపడుతుంది. పైగా సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న గుడ్డ ముక్క కుట్టి ఉంటే ఆ సీటుకు బయటి కవర్ వేయడమే ప్రమాదం. దెబ్బ తగిలినప్పుడు ఎయిర్‌బ్యాగ్ ఆ కుట్టు చీల్చుకుని బయటికి రావాలి, మీద కవర్ ఉంటే అడ్డుపడుతుంది.

కింద కాళ్ళ దగ్గర మ్యాట్లు కూడా చూడండి. కంపెనీ మ్యాట్ మీద రబ్బరు మ్యాట్, దానిమీద దుమ్ము పట్టకుండా ఇంకొకటి పరుస్తారు. మడమ అంత ఎత్తు లేస్తుంది, మోకాలు లేస్తుంది, తొడ సీటును వదిలేస్తుంది. మ్యాట్ జారి పెడల్ కింద ఇరుక్కునే భయం సరేసరి. ఒక్కటే ఉంచండి, అది కూడా కొక్కేనికి తగిలించి.

సీటును మొదటి నుంచి అమర్చుకోవడం

చాలామంది సీటును ముందుకో వెనక్కో జరిపి, వీపు వాల్చి, అంతటితో అయిందనుకుంటారు. సర్దుబాట్లకు ఒక వరస ఉంది. ఒకటి మారిస్తే తర్వాతది మారుతుంది కాబట్టి వరస తప్పితే తిరిగి తిరిగి అక్కడికే వస్తాం. చదునైన చోట బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి ఇంజను ఆన్‌లో ఉంచండి. ఇంజను ఆపేస్తే బ్రేక్ గట్టిపడిపోతుంది, అసలు కాలు ఎంత చాపాలో తెలియదు. మూసిన షెడ్డులో మాత్రం ఈ పని వద్దు. రోజూ నడిపే చెప్పులు కాదు, బూట్లే వేసుకోండి. లాంగ్‌డ్రైవ్‌కు చెప్పులతో వెళ్ళేవాళ్ళు కాలివేళ్ళతో చెప్పును పట్టుకుని ఉంటారు, పిక్కలు ఊరికే అలిసిపోతాయి.

మొదట వీపు, పిరుదులు సీటు మూలలోకి పూర్తిగా ఆనేలా వెనక్కి జరిగి కూర్చోండి. అది కుదరకపోతే కింద చెప్పేవేవీ పనిచేయవు.

ఇప్పుడు ఎత్తు. సీటు పక్కన పైకీ కిందికీ కొట్టే లివర్ ఉంటే తుంటి మోకాలికి సమానంగా, లేదా ఒక రెండు వేళ్ళు పైకి వచ్చేవరకు లేపండి. తలకూ పైకప్పుకూ మధ్య పిడికిలి పట్టాలి. రోడ్డు బాగా కనబడాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొన్ని కార్లలో ఆ లివర్ సీటు మొత్తాన్ని సమానంగా లేపదు, వెనక భాగాన్నే ఎక్కువ లేపుతుంది. రోడ్డు కనబడాలని పైకి లేపుకున్న కొద్దీ సీటు ముందుకు వాలిపోతుంది, తొడకు ఆసరా పోతుంది. మీది ఏ రకమో తెలియాలంటే, బయట నిలబడి లివర్ కొడుతూ సీటు ముందంచు నేల నుంచి ఎంత లేస్తోందో, వెనక అంచు ఎంత లేస్తోందో టేపుతో కొలవండి. వెనకదే ఎక్కువ లేస్తుంటే, రోడ్డు కనబడే కనీస ఎత్తులో ఆగిపోండి.

తర్వాత దూరం. ఎడమ పాదంతో క్లచ్‌ను అడుగంటా తొక్కి పట్టుకోండి. అప్పుడు కూడా మోకాలిలో కొంచెం వంపు మిగలాలి, పిరుదు సీటు మూలను వదలకూడదు. కాలు నిటారుగా సాగిపోతే ఒక్కో క్లిక్ ముందుకు రండి. ఆటోమేటిక్ కారైతే ఇదే పరీక్ష కుడికాలితో బ్రేక్ మీద చేయండి. ఇక్కడ ఆగి, మోకాలి వెనక మడతకూ సీటు ముందంచుకూ మధ్య ఎన్ని వేళ్ళు పడుతున్నాయో చూడండి. రెండు మూడు వేళ్ళు పట్టాలి. ఒక్కటీ పట్టకపోతే సీటు మీకు పొడవు. అరచెయ్యి మొత్తం పడితే సీటు పొట్టి. సీటు జరిగే పట్టాల లాకులు రెండూ టక్‌మని పడ్డాయో లేదో ఒకసారి ఒంటితో ముందుకూ వెనక్కీ ఊపి చూడండి.

వీపు భాగం మరీ నిటారుగా వద్దు, పడకకుర్చీలాగానూ వద్దు. కూర్చునే భాగంతో సుమారు 100 నుంచి 110 డిగ్రీలు చాలు. వీపు ఆనించే ఉంచి రెండు చేతులూ చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. అందకపోతే వీపు ఇంకొంచెం లేపండి, లేదా స్టీరింగ్ కిందికీ ముందుకీ వచ్చేదైతే దాన్ని సర్దండి. దానికోసం సీటును మాత్రం కదపకండి, కాళ్ళ కొలత పాడవుతుంది. ఛాతీ ఎముకకూ స్టీరింగ్ మధ్యభాగానికీ 25 సెంటీమీటర్లయినా దూరం ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ మాత్రం చోటు అవసరం. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగానికి సమానంగా పెట్టి, అద్దాలు చివర్లో సరిచేయండి.

పని అయ్యాక పట్టా మీద చిన్న తెల్ల పెయింట్ చుక్క పెట్టండి. సీటు వీపు భాగం పూర్తిగా వెనక్కి వాలిన చోటి నుంచి ఎన్ని క్లిక్‌లు లేపారో ఫోన్‌లో రాసుకోండి. ఇంట్లో ఇంకొకరు నడిపితే మళ్ళీ వెతుక్కోవక్కర్లేదు. మా ఇంట్లో నాకు తెల్ల చుక్క, మా ఆవిడకు ఎర్ర చుక్క.

పైసా ఖర్చులేని తువ్వాలు పరీక్ష

పై సర్దుబాట్లతో చాలామందికి సగం పైన తగ్గుతుంది. తగ్గకపోతే సీటు ఆకారమే మీ ఒంటికి సరిపోలేదన్నమాట. మన దగ్గర చిన్న కార్లలో సీటు ముందు భాగాన్ని విడిగా లేపే ఏర్పాటు దాదాపు ఉండదు. కాబట్టి దాన్ని మనమే చేసుకోవాలి. కానీ ఫోమ్ కోయించే ముందు తువ్వాలుతో నమూనా చూసుకోవాలి. డబ్బూ సీటూ రెండూ మిగులుతాయి.

పల్చటి స్నానపు తువ్వాలు తీసుకుని, సీటు వెడల్పుకు సరిపడా మడిచి, రెండు మూడు సెంటీమీటర్ల మందం వచ్చేలా చేయండి. దాన్ని సీటు ముందు మూడోవంతులో అడ్డంగా, ముందంచుకు నాలుగు వేళ్ళ వెనకగా పెట్టండి. అంచు మీదే పెడితే మోకాలి వెనక ఒత్తుకుంటుంది. వెనక వైపు ఒక్క మడత తగ్గించండి, గట్టులా కాకుండా వాలులా ఉండాలి. సీటు కవర్ ఉంటే దాని కింద దూర్చండి. లేకపోతే వెడల్పు ఎలాస్టిక్‌తో సీటుకు కట్టేయండి. ఇది అశ్రద్ధ చేయొద్దు. జారిన తువ్వాలు పెడల్స్ మీద పడితే బ్రేక్ తొక్కలేరు.

ఇప్పుడు మీకు అలవాటైన దారిలో 40 కిలోమీటర్లు నడపండి. పిరుదు మీద బరువు తగ్గి తొడ సీటుకు ఆనినట్టు అనిపిస్తే మీ రోగం దొరికింది. మందం తక్కువో ఎక్కువో ఒక్కో మడత మార్చి చూడండి. నాకు మూడు సెంటీమీటర్లు ఎక్కువైంది, రెండుకు కాస్త పైన కుదిరింది. తువ్వాలు పెట్టగానే తిమ్మిరి పెరిగితే మీది రెండో రకం. ముందు భాగం ముందే ఎత్తుగా ఉంది. అప్పుడు తువ్వాలు తీసి పిరుదుల కింద సమంగా పరిచి చూడండి. ఒంటి వెనక భాగం లేచి ముందంచు ఒత్తిడి తగ్గుతుంది.

సీటు పొడవైపోయిన పొట్టివాళ్ళకు ఇంకో దారి. వీపు వెనక, నడుము నుంచి భుజాల దాకా సమంగా ఉండే గట్టి పలక కుషన్ కట్టుకుంటే సీటు పొడవు అంత మేర తగ్గుతుంది. నడుము దగ్గరే ఉబ్బుగా ఉండే చిన్న దిండుతో ఈ పని అవదు. కుషన్ పెట్టాక పెడల్ దూరం, స్టీరింగ్ దూరం మళ్ళీ కొలవండి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. తువ్వాలు, నడుము దిండు, సీటు ఎత్తు మూడూ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

లోపల ఫోమ్ బాగుందా?

పాత కారైతే, లేదా రోజూ గంటల కొద్దీ తిరిగే క్యాబ్ అయితే ఈ పరీక్ష తువ్వాలు కంటే ముందే చేయండి. పక్క సీటులో ఎప్పుడో కానీ ఎవరూ కూర్చోరు కదా. అదే మీకు కొత్త సీటు నమూనా. ఒక నిటారైన కర్రనో పొడవైన స్కేలునో డ్రైవర్ సీటు రెండు పక్కల ఉబ్బెత్తు అంచుల మీద అడ్డంగా పెట్టి, పిరుదులు ఆనే చోట కర్ర నుంచి సీటు దాకా లోతు కొలవండి. పక్క సీటులోనూ అదే కొలత తీయండి. రెండు సెంటీమీటర్లు అంతకుమించి తేడా ఉంటే ఫోమ్ కూలిపోయింది, పైన ఎన్ని కుషన్లు వేసినా గుంట గుంటే.

కుడి ఎడమలు కూడా వేర్వేరుగా కొలవండి. మన కార్లలో డ్రైవర్ కుడి తలుపు నుంచి ఎక్కి దిగుతాడు కాబట్టి ఆ వైపు ఫోమ్ ముందు నలుగుతుంది. కుడివైపు దిగిపోతే నడుము ఒరిగి ఒక్క కాలే లాగుతుంది. పర్సు తీసినా తగ్గని ఒంటికాలి నొప్పికి తరచుగా ఇదే కారణమని నాకు చెప్పింది ఆ ఆటోనగర్ పెద్దాయనే.

ఫోన్ టార్చితో సీటు అడుగున చూడండి. పసుపు, గోధుమ రంగు పొడి రాలి ఉంటే ఫోమ్ అరిగి పిండి అవుతోంది. మెలికల స్ప్రింగు కమ్మి ఊడి వేలాడుతోందేమో, ఫ్రేము వెల్డింగు విరిగిందేమో చూడండి. చూడండి అంతే, చెయ్యి పెట్టకండి. అక్కడ పసుపు తొడుగుతో వైర్లు, కనెక్టర్లు ఉంటే అవి ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు బిగింపుకు సంబంధించినవి.

సీటు మేస్త్రీ దగ్గర

సోఫాలు కుట్టే షాపు కంటే వాహనాల సీట్లు కుట్టేవాళ్ళే నయం. విజయవాడలో ఆటోనగర్, సికింద్రాబాదులో రాణిగంజ్ చుట్టుపక్కల అలాంటివాళ్ళు ఉంటారు. ఏ జిల్లా కేంద్రంలోనైనా లారీ బాడీలు కట్టే చోట అడిగితే చూపిస్తారు. మీ తువ్వాలును అలాగే మడతపెట్టి తీసుకెళ్ళండి. "సీటు మెత్తగా చేయండి" అని మాత్రం అనకండి. అలా అంటే పైన ఒక పొర మెత్తటి ఫోమ్ వేసి కుట్టిస్తారు, ఆ రోజు పరుపులా ఉంటుంది, నెలకు మళ్ళీ దిగిపోతుంది. నేను మొదట వెళ్ళిన ఒక షాపులో అదే జరిగింది.

చెప్పాల్సింది ఇది. కంపెనీ ఫోమ్‌ను పారేయొద్దు, దాని ఆకారం పోతే మళ్ళీ రాదు. గుంటపడిన చోట, లేదా ముందు తొడల కింద, పాత ఫోమ్ *అడుగున* గట్టి ఫోమ్ ముక్క పెట్టాలి. తుక్కు ఫోమ్‌ను ఒత్తి చేసిన రంగురంగుల గట్టి ఫోమ్ దొరుకుతుంది, ఆ పనికి అది బాగా నిలబడుతుంది. ముక్కను వాలుగా, ముందు మందంగా వెనక సన్నగా కోయాలి. అంచు గుండ్రంగా చెక్కాలి. కుట్టేముందు ఊరికే పెట్టి, కవర్ కప్పి, సీటును బండిలో బిగించి మిమ్మల్ని పావుగంట కూర్చోనివ్వాలి. మంచి మేస్త్రీ దీనికి విసుక్కోడు. విసుక్కుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

సీటు ఊడదీయక తప్పదంటే, ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి కనీసం 10 నిమిషాలు ఆగాకే పసుపు కనెక్టర్ ముట్టుకోవాలి. పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటైతే ఆ వీపు భాగం జోలికే వెళ్ళనివ్వకండి, కూర్చునే భాగం వరకే పని. బిగించాక డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి ఆరిపోతోందో లేదో చూసి మరీ బండి తీసుకోండి. ఆరకుండా ఉంటే సర్వీస్ సెంటరుకు వెళ్ళాలి.

ఇంకో పద్ధతి చెబుతారు కొందరు మెకానిక్కులు. సీటు ముందు బోల్టుల కింద వాషర్లు దొంతరగా వేసి సీటునే వెనక్కి వాల్చడం. అరగంటలో అయిపోతుంది, చవక. నేను వద్దనే చెబుతాను. గుద్దుకున్నప్పుడు మీ బరువునూ సీటు బరువునూ కలిపి పట్టుకునేది ఆ నాలుగు బోల్టులే. వాషర్లు పెరిగిన కొద్దీ నట్టులోకి దిగే మర తగ్గుతుంది, సీటు ఫ్రేము నేలకు సరిగా ఆనదు. కాలి నొప్పి కోసం ఆ పట్టును పణంగా పెట్టకూడదు. ఫోమ్‌తో వచ్చే వాలు చాలు.

పాదం, మోకాలు, క్లచ్

కుడి మడమను బ్రేక్ కిందికి దగ్గరగా నేల మీద ఆనించి, పాదాన్ని యాక్సిలరేటర్ వైపు తిప్పి తొక్కడం అలవాటు చేసుకోండి. బరువు మడమ మోస్తే పిక్క ముందు కండరం ఊపిరి పీల్చుకుంటుంది. కుడి మోకాలు తలుపు వైపు పడిపోతుంటే తలుపు ప్లాస్టిక్ మీద, ఎడమది గేరు వైపు ఒరుగుతుంటే అక్కడ, అరచేతి వెడల్పు మెత్తటి ఫోమ్ ముక్క అంటించి మోకాలిని దానికి ఆనించండి. చిన్న పనే కానీ తుంటి పక్క నొప్పికి ఇంతకు మించిన ఉపాయం నేను చూడలేదు. స్పీకర్, కిటికీ బటన్లకు అడ్డం రాకుండా చూసుకోండి.

ఎడమ పాదాన్ని క్లచ్ మీదే ఉంచి నడపవద్దు. పక్కనే పాదం పెట్టుకునే చోటు ఉంటుంది, అక్కడ ఆనించండి. తొడ ఎప్పుడూ లేచి ఉండటం వల్లే ఎడమ తొడ పైభాగం పట్టేస్తుంది, క్లచ్ ప్లేటూ ఊరికే అరుగుతుంది. పెడల్ ఏడాది కిందటి కంటే గట్టిగా అనిపిస్తే మెకానిక్‌కు చూపించండి. ప్లేటు అరిగినా, కేబుల్ ఎండిపోయినా పెడల్ బరువెక్కుతుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసేయండి.

లారీ, బస్సు నడిపేవాళ్ళకు కొలతలు వేరు. అక్కడ ఎత్తులో కూర్చుని పెడల్‌ను కిందికి తొక్కుతారు కాబట్టి ముందంచు ఒత్తిడే ఎక్కువ, ముందు భాగాన్ని ఇంకా లేపకూడదు. గాలి సస్పెన్షన్ సీటు అయితే పక్కనుండే బరువు మీటను మీ బరువుకు తగ్గట్టు తప్పక పెట్టుకోండి. ఎప్పుడో ఎవరికో పెట్టినదాన్ని అలాగే వదిలేస్తే గుంతలో పడ్డప్పుడల్లా సీటు అడుగుకు కొట్టుకుని ఆ దెబ్బ నడుముకూ తొడలకూ తగులుతుంది.

దారిలో ఆగడం

సీటు ఎంత కుదిరినా రెండు గంటలకు మించి ఏకబిగిన కూర్చోవద్దు. విజయవాడ దారిలో నేను చిట్యాలలో ఒకసారి, సూర్యాపేటలో ఒకసారి, కోదాడ దాటాక ఒకసారి ఆగుతాను. ఆగిన చోట కుర్చీలో కూలబడితే ప్రయోజనం లేదు, నడవాలి. బానెట్ పట్టుకుని ఇరవైసార్లు మునివేళ్ళ మీద లేచి దిగండి, పిక్కలు రక్తాన్ని పైకి తోస్తాయి. హోటల్ కుర్చీలో కూర్చుని ఒక కాలి మడమను రెండో మోకాలి మీద పెట్టుకుని, నడుము నిటారుగా ఉంచి ముందుకు వంగండి. పిరుదులో లోతుగా సాగినట్టు తెలుస్తుంది. అర నిమిషం అలా ఉండి కాలు మార్చండి. నొప్పి కాల్లోకి దూసుకుపోతే మాత్రం ఆపేయండి. మూత్రానికి ఆగాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను చాలామందిని చూశాను. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లు ఉంటాయి, ఆగండి, నీళ్ళు తాగండి.

కొత్తగా పెట్టిన ఫోమ్ మొదటి నెలలో కొంచెం ఒదుగుతుంది. నెల తర్వాత కర్రా స్కేలూ పెట్టి మళ్ళీ లోతు కొలవండి, మోకాలి వెనక వేళ్ళు పెట్టి చూడండి, సీటు ఎత్తు ఒక క్లిక్ మార్చాల్సి రావచ్చు. నా సీటు అడుగున ఆ పెద్దాయన పెట్టిన ముక్క రెండు సెంటీమీటర్లకు పైన మందంతో మొదలై వెనక్కి పోయేసరికి కాగితంలా సన్నబడుతుంది. అది పెట్టించిన మూడోవారం విజయవాడ వెళ్ళినప్పుడు సూర్యాపేటలో దిగి, కాలు నేలకు ఆనించి, కుంటకుండా నేరుగా టీ కొట్టు దాకా నడిచాను.